ఇప్ప నూనె సబ్బు చేతులు కాల్చింది, తప్పు నూనెదా నాదా?

అడవిపిల్లోడు · ఆగస్టు 9, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. మా మేనత్తవాళ్లది ఉట్నూరు వైపు. ఇంటి వెనక రెండు పెద్ద ఇప్ప చెట్లున్నాయి. ఈసారి గింజలు ఏరి గానుగ ఆడించి అయిదు లీటర్ల డబ్బా పంపింది. ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు, కొంచెం ఘాటు వాసన. తెల్లారి చూస్తే డబ్బాలో సగం దాకా నెయ్యిలా పేరుకుని ఉంటోంది, ఎండలో పెడితే మళ్లీ కరుగుతోంది.

సబ్బు చేద్దామని నెట్లో దొరికిన కొలత ప్రకారం కిలో నూనెకి 174 గ్రాముల కాస్టిక్ సోడా వేశాను. కలిపిన రెండు నిమిషాలకే ఉప్మాలా ముద్ద కట్టేసింది. అదే అచ్చులో కుక్కాను. మర్నాడు పైన తెల్ల పొడి, అడుగున నీళ్లలాంటి చెమ్మ. ఓ ముక్క తీసి చేతులు కడుక్కుంటే మంట, వేళ్ల మధ్య ఎర్రగా కందింది.

ఇప్పలో సాపోనిన్లు ఉంటాయని ఎక్కడో చదివాను. అంటే నూనెలోనే సబ్బు గుణం ఉండి, దానికి సోడా కలిసేసరికి డబుల్ అయిందా? పేరుకోవడం చూస్తే కల్తీ ఏమో అని ఇంకో టెన్షన్. అత్త కల్తీ చేయదు, గానుగవాడి మీదే నా అనుమానం.

---

గానుగశీను · ఆగస్టు 9, రాత్రి 10:52

ముందు గానుగవాణ్ణి వదిలెయ్ తమ్ముడూ 😀 ఇప్ప నూనె పేరుకోకపోతేనే అనుమానపడాలి. నేను పన్నెండేళ్లుగా ఆడిస్తున్నా. ఎండాకాలం మధ్యాహ్నం నూనెలా జారుతుంది, వానపడి చల్లబడితే డబ్బాలో గరిటె నిలబడుతుంది. గింజలోపలి పప్పు మంచిదైతే బరువులో సగం దాకా నూనె ఉంటుంది, గానుగలో అదంతా రాదనుకో, పిండగా మిగిలిన చెక్కలో కొంత ఉండిపోతుంది.

అత్త పప్పు ఎప్పుడు కొట్టింది, ఎన్నాళ్లు ఎండబెట్టింది, అది కనుక్కో. నాకైతే ఆ ఘాటు వాసన దగ్గరే డౌటు.

---

ల్యాబ్‌లక్ష్మి · ఆగస్టు 9, రాత్రి 11:20

చెయ్యి ఎలా ఉంది? మంట ఉంటే పారే నీళ్ల కింద చాలాసేపు పెట్టండి. నిమ్మరసం, వెనిగర్ లాంటివి రాయకండి. తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. ఆ సబ్బు ఇంకెవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టండి, పారేయకండి, పనికొస్తుంది.

174 అంకె చూడగానే నవ్వొచ్చింది, క్షమించాలి. అది కొబ్బరి నూనె కొలత. కిలో కొబ్బరి నూనెకి సుమారు 183 గ్రాముల సోడా పడుతుంది, సోడా మిగిలిపోకుండా అందులో అయిదు శాతం తగ్గిస్తే 174. మీరు చూసింది కొబ్బరి సబ్బు వీడియో అయి ఉండాలి.

---

అడవిపిల్లోడు · ఆగస్టు 9, రాత్రి 11:31

అవును మేడమ్ 🤦 కొబ్బరి సబ్బే. ఏ నూనెకైనా ఒకటే అనుకున్నా. చెయ్యి పర్లేదు, తగ్గింది.

---

ల్యాబ్‌లక్ష్మి · ఆగస్టు 10, ఉదయం 6:48

ఒకటి కాదు. నిన్న నిద్రొచ్చి ఆపేశాను, ఇప్పుడు చెప్తాను.

నూనె అణువు అంటే ఒక గ్లిజరిన్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు తగిలించుకున్న మూడు తోకల జీవి అనుకోండి. సబ్బు చేయడమంటే ఆ మూడు తోకల్నీ క్షారంతో తెంపడం. ఒక్కో తోకకి ఒక్కో క్షార అణువు కావాలి. కొబ్బరి నూనెలో తోకలు పొట్టివి, ఎక్కువ భాగం 12 కార్బన్ల లారిక్ ఆమ్లం. ఇప్పలో దాదాపు అన్నీ 16, 18 కార్బన్ల పొడుగు తోకలు. ఒకే కిలో తూకంలో పొట్టి తోకలవి ఎక్కువ పడతాయి, పొడుగువి తక్కువ పడతాయి. కాబట్టి ఇప్పకి సోడా తక్కువ చాలు. బియ్యం బస్తాలో, చింతపిక్కల బస్తాలో గింజల లెక్క ఎలా తేడా వస్తుందో ఇదీ అంతే.

దీన్ని కొలిచే అంకె సపోనిఫికేషన్ విలువ. గ్రాము నూనె పూర్తిగా సబ్బు కావడానికి ఎన్ని మిల్లీగ్రాముల కాస్టిక్ పొటాష్ కావాలో అది. ఇప్పకి 187 నుంచి 196, కొబ్బరికి 250 పైనే. సోడాకి మార్చాలంటే 1.4తో భాగించాలి. ఇప్పకి 190 అనుకుంటే గ్రాముకి 135 మిల్లీగ్రాములు, అంటే కిలోకి 135 గ్రాములు. మీరు 174 వేశారు. దాదాపు 39 గ్రాముల సోడా పని లేకుండా సబ్బులో కూర్చుంది. చెమ్మ, తెల్ల పొడి, మంట అన్నీ దాని పుణ్యమే.

కానీ రెండు నిమిషాల్లో ముద్ద కట్టడానికి కారణం వేరే. అది ఆసిడ్ విలువ, అంటే నూనెలో విడిపోయిన ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, చూస్తేగానీ చెప్పలేను. కాలేజీ ల్యాబ్ ఏదైనా అందుబాటులో ఉందా?

---

రిటైర్డ్‌మాస్టారు · ఆగస్టు 10, ఉదయం 9:05

లక్ష్మిగారు బాగా చెప్పారు. సాపోనిన్ సందేహం మిగిలిపోయింది, నేను ముప్పై ఏళ్లు పిల్లలకి ఇదే చెప్పీ చెప్పీ అలసిపోయినవాణ్ణి కాబట్టి ఊరుకోలేను.

సపోనిఫికేషన్, సాపోనిన్ రెండూ సబ్బు అనే లాటిన్ మాట నుంచి పుట్టాయి, అంతకుమించి చుట్టరికం లేదు. మొదటిది ఒక చర్య. రెండోది ఒక పదార్థం. కుంకుడుకాయ నురగ వస్తుందే, అది సాపోనిన్. నూనె ఉండదు, సోడా ఉండదు, అయినా నురగ. ఆ అణువుకి ఒక పక్క చక్కెర గొలుసులుంటాయి, అవి నీళ్లని ఇష్టపడతాయి, రెండో పక్కది కొవ్వుని ఇష్టపడుతుంది.

ఇప్ప పప్పులో సాపోనిన్లు ఉన్న మాట నిజమే, కానీ ఆ చక్కెర గొలుసుల వల్ల అవి నూనెలోకి రావడానికి ఒప్పుకోవు. గానుగ ఆడితే నూనె బయటికి వస్తుంది, సాపోనిన్ దాదాపుగా చెక్కలోనే ఉండిపోతుంది. అందుకే ఇప్ప చెక్కని శుద్ధి చేయకుండా పశువులకి పెట్టకూడదు. పెద్దవాళ్లు వేరుశెనగ చెక్క కుడితిలో వేశారు గానీ ఇప్ప చెక్క పొలానికే తోలారు, ఊరికే కాదు.

---

చెరువుగట్టు · ఆగస్టు 10, మధ్యాహ్నం 1:40

చెక్క మాట వచ్చింది కాబట్టి. కైకలూరు వైపు మా చేపల చెరువులు. చేపపిల్ల వదిలే ముందు చెరువులో ఉన్న పిచ్చి చేపల్ని, కొర్రమీను లాంటి తినేసే చేపల్ని చంపడానికి ఇప్ప చెక్కే చల్లుతాం. హెక్టారు చెరువులో మీటరు లోతు నీళ్లుంటే 2,500 కిలోల లెక్క. చల్లిన కొన్ని గంటలకే చేప పైకి తేలుతుంది. తర్వాత రెండు మూడు వారాలు ఆగి పిల్ల వదలాలి, ఈలోగా చెక్క కుళ్లి ఎరువవుతుంది, ఖర్చు అలా కలిసొస్తుంది. ఇది చేపకి ఎందుకు విషమో మాత్రం నాకు తెలీదు మాస్టారూ.

---

రిటైర్డ్‌మాస్టారు · ఆగస్టు 10, మధ్యాహ్నం 3:12

మొప్పల గుండా సాపోనిన్ నేరుగా రక్తంలోకి వెళ్తుందండీ. ఎర్ర రక్తకణం పొరలో కొలెస్టరాల్ ఉంటుంది, సాపోనిన్ దాన్ని పట్టుకుని పొరకి చిల్లులు పెడుతుంది. కణాలు పగిలిపోతాయి, ఇక ప్రాణవాయువు మోసే నాథుడుండడు. రొయ్యకి ఎర్ర రక్తకణాలే లేవు, అందుకే అదే మోతాదుకి రొయ్య తట్టుకుంటుంది. రొయ్యల చెరువుల్లో చేపల్ని ఏరేయడానికి తేయాకు గింజల చెక్క వాడతారు కదా, అక్కడ పనిచేసేదీ సాపోనినే.

---

పచ్చనాకు · ఆగస్టు 10, సాయంత్రం 6:30

చిన్న సవరణ. పైన అందరూ గింజ గింజ అంటున్నారు. ఇప్ప పండు వృక్షశాస్త్రం లెక్కలో బెర్రీ. సపోటా కుటుంబమే ఇది, సపోటా కూడా బెర్రీయే. కండలో ఒకటి నుంచి నాలుగు గింజలు ఉంటాయి. కాబట్టి బెర్రీ నూనె అనాలి.

---

గానుగశీను · ఆగస్టు 10, రాత్రి 7:02

అనండి సార్, కానీ కండలో నూనె చుక్క ఉండదు, అది పిల్లలు తింటారు, గబ్బిలాలు తింటాయి. నూనె అంతా లోపలి పప్పులోనే. ఆలివ్, పామాయిల్ కాయలైతే కండే పిండుతారు, వాటికి ఆ పేరు నప్పుతుంది.

---

అడవిపిల్లోడు · ఆగస్టు 14, సాయంత్రం 5:25

మా చెల్లి డిగ్రీ కెమిస్ట్రీ. వాళ్ల మేడమ్‌ని బతిమాలి ఆసిడ్ విలువ కోసం టైట్రేషన్ చేసింది. 2 గ్రాముల నూనె, తటస్థం చేసిన ఆల్కహాల్‌లో వేడిచేసి, ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు. 0.1 నార్మల్ కాస్టిక్ పొటాష్ 11.4 మిల్లీలీటర్లు పడ్డాక గులాబీ రంగు నిలిచింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ కొంచెం అటూ ఇటూ అదే. ఇది ఎక్కువా తక్కువా?

---

ల్యాబ్‌లక్ష్మి · ఆగస్టు 14, రాత్రి 8:44

చెల్లికి నా అభినందనలు చెప్పండి, ల్యాబ్‌లో నేర్పించి పంపినవాళ్లే మూడుసార్లు చేయరు.

కాస్టిక్ పొటాష్ అణుభారం 56.1ని 11.4తో, 0.1తో గుణించి 2తో భాగిస్తే 32 వస్తుంది. మీ నూనె ఆసిడ్ విలువ 32. ఓలిక్ ఆమ్లంగా లెక్కిస్తే అందులో సగం, అంటే 16 శాతం కొవ్వు ఆమ్లం ఇప్పటికే గ్లిజరిన్‌ని వదిలేసి నూనెలో విడిగా తిరుగుతోంది. చాలా ఎక్కువ.

ముద్ద కట్టిన కారణం అదే. గ్లిజరిన్‌కి అంటుకున్న తోకని తెంపడానికి సోడాకి టైం పడుతుంది. విడిగా ఉన్న ఆమ్లాన్ని తెంపే పనే లేదు, తగలగానే సబ్బు. పదహారు శాతం నూనె క్షణాల్లో సబ్బై మిగతాదాన్ని చిక్కగా పట్టేసింది, మీకు కలిపే టైం ఇవ్వలేదు. సోడా నీళ్లు సరిగ్గా కలవక అడుగున చెమ్మగా దిగాయి. ఎక్కువ సోడా ఒక తప్పు, ఆమ్లం రెండోది, రెండూ కలిసి మీ చేతుల మీదికి వచ్చాయి.

ఇక్కడ ఒకటి గమనించండి. సపోనిఫికేషన్ విలువ, అయోడిన్ విలువ చెట్టు ఇచ్చే అంకెలు. ఉట్నూరు చెట్టైనా పాడేరు చెట్టైనా పెద్దగా మారవు. ఆసిడ్ విలువ చెట్టుది కాదు, మనది. పండు రాలిన దగ్గర్నుంచి గానుగ దాకా మనుషులు ఏం చేశారో అది చెప్తుంది. పప్పులోనే లైపేజ్ అనే ఎంజైము ఉంటుంది, గింజ మొలకెత్తేటప్పుడు నూనెని విడగొట్టి మొక్కకి తిండి పెట్టడం దాని పని. పప్పు పగిలి తడి తగిలితే మొలక వచ్చిందనుకుని పని మొదలెడుతుంది. బూజు పడితే ఆ బూజు కూడా తన ఎంజైములు తెచ్చుకుంటుంది. తవుడు మిల్లులో ఆడిన కొన్ని గంటలకే చెడిపోవడం కూడా ఇదే కథ. అందుకే తవుడు నూనెవాళ్లు ముందు తవుడుని ఆవిరితో వేడిచేసి ఎంజైముని చంపుతారు.

అత్తని అడిగారా?

---

అడవిపిల్లోడు · ఆగస్టు 14, రాత్రి 9:30

ఇప్పుడే ఫోన్ చేశా. జూన్ చివర్లో పళ్లు రాలాయట, అప్పుడే వానలు పట్టాయి. కండ తీసి, గింజలు కొట్టి, పప్పు గోనెసంచిలో కట్టి మూల పెట్టింది. ఎండ వచ్చినప్పుడల్లా ఆరబోసిందట. గానుగకి నెల తర్వాత తీసుకెళ్లింది. "కొంచెం తెల్ల బూజు ఉంటే తుడిచాను, ఏమైంది?" అంటోంది. నేనేమీ అనలేదు.

ఇంకో ప్రశ్న. అత్త ఇదే నూనెతో వంట కూడా చేస్తుంది. పర్లేదా?

---

గానుగశీను · ఆగస్టు 14, రాత్రి 9:58

నేను ముందే అన్నాను వాసన దగ్గర డౌటని.

ఏజెన్సీలో ఇప్ప నూనె వంటకి వాడటం కొత్తేం కాదు, మా తాతల నాటి నుంచీ ఉంది. కానీ ఎండిన పప్పు, తాజా నూనె. గొంతులో గీరే నూనె దీపానికే.

---

ల్యాబ్‌లక్ష్మి · ఆగస్టు 14, రాత్రి 10:10

శీనుగారి మాటే నాదీ. 32 ఉన్న నూనె నోటికి వద్దు. విడి ఆమ్లం ఎక్కువైతే మూకుట్లో త్వరగా పొగ వస్తుంది, రుచి చేదు. బూజు పట్టిన పప్పు అంటున్నారు కాబట్టి అదింకో భయం. వంటకి వాడటం ఆపమని అత్తకి గట్టిగా చెప్పండి. శుద్ధి చేయొచ్చా అంటే చేయొచ్చు, క్షారంతో కడిగితే ఆమ్లం సబ్బుగా దిగిపోతుంది, కానీ కిలోకి 160 గ్రాములు అలా పోతాయి, దాంతోపాటు మంచి నూనె కూడా కొంత ఈడ్చుకుపోతుంది. ఇంట్లో చేసే పని కాదు.

సబ్బుకి మాత్రం నిక్షేపంలా పనికొస్తుంది. విడి ఆమ్లమైనా అంటుకున్న ఆమ్లమైనా చివరికి అదే సబ్బు, సోడా లెక్క మారదు. గ్లిజరిన్ కాస్త తక్కువ ఉంటుంది, అంతే.

---

సబ్బుసుజాత · ఆగస్టు 15, ఉదయం 11:17

అయితే ఆ పాడైన సబ్బు నాకొదిలేయండి 🙂 పారేయకండి తమ్ముడూ. మీరు వేసిన 174 గ్రాముల సోడాకి అయిదు శాతం వెసులుబాటుతో లెక్కేస్తే సుమారు 1,350 గ్రాముల ఇప్ప నూనె కావాలి. కిలో ఇప్పటికే ఉంది, ఇంకో 350 కలపాలి. సబ్బు తురుముకుని (గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి), అడుగున దిగిన చెమ్మ కూడా వదలకుండా స్టీలు గిన్నెలో వేయండి, సోడా ఎక్కువ ఉన్నది అందులోనే. అల్యూమినియం వద్దు, సోడా దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. కొంచెం నీళ్లు చల్లి, సన్న సెగ మీద కరిగించి, మిగతా నూనె పోసి గంటసేపు ఓపిగ్గా కలపండి. వాసెలిన్‌లా పాకం తేలుతుంది, అప్పుడు అచ్చులో.

ఈసారి ఒక్క ఇప్పతోనే చేయకండి. పామిటిక్, స్టియరిక్ అనే గట్టి కొవ్వు ఆమ్లాలు రెండూ కలిపి నలభై శాతం పైనే ఉంటాయి కాబట్టి బిళ్ల గట్టిగా వస్తుంది, కానీ నురగ దిగదుడుపు. నురగకి లారిక్ కావాలి, అది కొబ్బరిలో ఉంది. నేను వాడే కొలత 700 ఇప్ప, 300 కొబ్బరి, 142 గ్రాముల సోడా. నూనె కరిగిందంటే చాలు, వేడి ఎక్కువ వద్దు, సోడా నీళ్లు పూర్తిగా చల్లారాక పోయండి. మీ నూనెకి ఇది మరీ ముఖ్యం.

ఇంకో మోసం చెప్తా. ఆన్‌లైన్‌లో ఇలిపె బటర్ అని అమ్ముతారు. తమిళంలో ఇప్పని ఇలుప్పై అంటారు కదా, ఇప్పే అనుకుని కొన్నా. వచ్చింది చూస్తే రాయిలా ఉంది, చేత్తో నొక్కినా దిగలేదు.

---

రిటైర్డ్‌మాస్టారు · ఆగస్టు 15, మధ్యాహ్నం 12:20

మోసం కాదమ్మా, పేరు వలస పోయింది. మన ఇలుప్పై పేరే బోర్నియోలో పెరిగే షోరియా జాతి చెట్ల కొవ్వుకి వ్యాపారంలో స్థిరపడింది. మన గుగ్గిలం చెట్టుకి అది దాయాది, ఇప్పకి ఏమీ కాదు. అందులో స్టియరిక్ ఆమ్లం చాలా ఎక్కువ, అయోడిన్ విలువ ముప్పైలలోనే. సోడా లెక్క ఇంచుమించు ఇప్పలాగే వస్తుంది కాబట్టి మీ సబ్బు చెడి ఉండదు, గట్టిదనమే తేడా.

---

వడ్రంగిరాజు · ఆగస్టు 15, సాయంత్రం 4:03

ఈ అయోడిన్ విలువ ఏంటో నాలాంటోడికి అర్థమయ్యేలా చెప్పండి. ఇప్ప నూనె తలుపులకి పాలిష్‌గా పనికొస్తుందా, అవిసె నూనె రేటు భరించలేకపోతున్నా.

---

రిటైర్డ్‌మాస్టారు · ఆగస్టు 15, రాత్రి 8:30

పనికిరాదు రాజూ. కొవ్వు ఆమ్లం తోకలో జంట బంధాలుంటాయి, అయోడిన్ వాటికే అతుక్కుంటుంది. వంద గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయోడిన్ పట్టుకుంటుందో అదే అయోడిన్ విలువ. జంట బంధాలు ఎక్కువుంటే గాలిలోని ఆక్సిజన్‌తో ముడిపడి చెక్క మీద పొరలా ఎండుతుంది. అవిసె నూనెకి 170 పైన ఉంటుంది, అందుకే ఎండుతుంది. వంద లోపు నూనెలు ఎండవు, ఇప్ప 58 నుంచి 70 మధ్య. తలుపుకి పూస్తే ఏడాదంతా జిడ్డే, దుమ్మంతా దానికే.

చెల్లి లాంటి పిల్లలుంటే కాగితం మీదే సరిచూసుకోవచ్చు. ఓలిక్ 43 శాతం, లినోలిక్ 15 శాతం అనుకోండి. నూనె అంతా ఓలిక్ అయితే 86, అంతా లినోలిక్ అయితే 173. మొదటిదాంట్లో 43 శాతం 37, రెండోదాంట్లో 15 శాతం 26. కలిపితే 63. చక్కగా మధ్యలో పడింది. ఈ లెక్క సరిపోయిన రోజు నాకు ఇప్పటికీ పండగే.

---

దీపారాధన · ఆగస్టు 16, ఉదయం 5:50

దీపాల కోసం ఇప్ప నూనె అని సీసాలో కొంటుంటాను. ఎంత చలిలోనూ పేరుకోదు, మల్లెపూల వాసన. పై కబుర్లు చదివాక అనుమానం వచ్చింది.

---

ల్యాబ్‌లక్ష్మి · ఆగస్టు 16, ఉదయం 7:15

పేరుకోలేదంటే ఇప్ప పేరుకి మాత్రమే ఉందన్నమాట. ఏం కలిసిందో చూస్తే చెప్పలేం. మినరల్ ఆయిల్ కలిసిందా అన్నది తేల్చడం తేలిక. ఆల్కహాల్‌లో కాస్టిక్ పొటాష్ వేసి కొంచెం నూనెతో మరిగించి, తర్వాత వేడినీళ్లు పోయాలి. అంతా గింజల నూనే అయితే సబ్బై నీళ్లలో తేటగా కరుగుతుంది. మినరల్ ఆయిల్‌కి తోకలూ లేవు, గ్లిజరిన్ లేదు, సబ్బు కాలేదు, నీళ్లు మబ్బుగా తయారవుతాయి. ల్యాబ్‌లో మాత్రమే చేయించండి, ఆల్కహాల్ మంట దగ్గర ప్రమాదం.

---

డీజిల్‌కుర్రాడు · ఆగస్టు 17, రాత్రి 11:40

బీటెక్ ప్రాజెక్టు ఇప్ప బయోడీజిల్. మాకూ ఆసిడ్ విలువ ముప్పైల్లోనే వచ్చింది, నేరుగా క్షారంతో చేస్తే డీజిల్ బదులు జావ తయారైంది. ముందు మిథనాల్, సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో విడి ఆమ్లాన్ని ఎస్టర్‌గా మార్చి, తర్వాత క్షారం వాడితే దారికొచ్చింది. మా గైడ్ "నూనె మార్చుకో" అన్నారు, ఆ మాట ముందే వింటే నెల మిగిలేది.

---

అడవిపిల్లోడు · జూలై 21, రాత్రి 9:06

ఏడాది తర్వాత పాత దారం లాగుతున్నా. సుజాతక్క చెప్పినట్టు ఆ సబ్బు మళ్లీ కరిగించి ఆరువారాలు ఆరబెట్టి వాడాం, మంట లేదు, బిళ్ల అరగనే అరగదు.

ఈసారి పళ్లు రాలగానే సెలవు పెట్టి వెళ్లా. ఏ రోజు పళ్లు ఆ రోజే కండ తీసి, గింజలు పగలగొట్టకుండా రేకు మీద ఎండబెట్టాం. వాన వస్తే పొయ్యి మీది అటకపైకి. గలగలలాడాకే పప్పు తీసి, బూజు పట్టినవి ఏరేసి, ఆ వారమే గానుగకి. చెల్లి మళ్లీ 2 గ్రాములకి టైట్రేషన్ చేసింది, 1.6 మిల్లీలీటర్లు.

---

ల్యాబ్‌లక్ష్మి · జూలై 21, రాత్రి 9:41

నాలుగున్నర! 32 నుంచి నాలుగున్నరకి! పప్పు తీయకుండా గింజతోనే ఎండబెట్టాలని ఎవరు చెప్పారు?

---

అడవిపిల్లోడు · జూలై 21, రాత్రి 9:55

అత్తే. "మా అమ్మ అట్లనే చేసేది, నాకే ఓపిక లేక పోయినేడు కొట్టి సంచిలో కట్టిన" అంది. ఈసారి డబ్బా పంపలేదు మేడమ్, నూనె బాగుందని వంటకి దాచుకుంది. సబ్బుకి పోయినేటిదే వాడుకోమంది.